తల్లియు, మద్యపాన విముక్తియు

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టసీమలో సారాయి మాట వచ్చినపుడెల్ల దూబగుంట పేరు వినబడును. కలిగిరి మండలములోని ఆ గ్రామమున 1992లో స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. అక్షరాస్యతా కేంద్రములలో చదివిన 'సీతమ్మ కథ' అను పాఠము వారికి ప్రేరణ. వర్ధినేని రోశమ్మ 'దూబగుంట రోశమ్మ'గా ప్రసిద్ధి కెక్కినది. ఉద్యమము జిల్లా అంతట ప్రాకి వేలంపాటలను సాగనీయలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిషిద్ధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలినది.

ఇది శ్రోతలకు తెలిసిన చరిత్రయే. దుకాణము మూతపడుట వీథిలో జరుగు పని; త్రాగుడు మానుట ఇంటిలో, తల్లి కన్నుల యెదుట జరుగును. ఆ సంగతి మేము చెప్పదలచితిమి.

ఏండ్ల తరబడి నిత్యము త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో, కొన్ని గంటలలోనే చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. కొందరికి మొదటి రెండు దినములలో మూర్ఛలు వచ్చును. ఆపైన లేనివి కనబడుట, పలవరింత, జ్వరము కలిగినచో ప్రాణాపాయము. మద్యము మెదడును అణచుచుండగా, మెదడు దానికి ఎదురుగా బిగువు పెంచుకొనును. అణపు తొలగినంతనే ఆ బిగువు పైకి లేచును. దీనిని గాలి సోకినదనుకొని భూతవైద్యుని పిలిచినచో విలువైన కాలము పోవును. ఆసుపత్రిలో తగిన మందును క్రమముగా తగ్గించుచు ఇచ్చి, బి-1 విటమిను కూడ ఇత్తురు.

కొడుకునకు తెలియకుండ మజ్జిగలో డైసల్ఫిరామ్ మాత్ర కలుపు తల్లులున్నారు. ప్రేమతోనే చేయుదురు, అయినను మేము దీనిని ఒప్పుకొనము. ఆ మందు మీద నున్నవాడు తెలియక త్రాగినచో ముఖము కంది, గుండె దడ, వాంతులు కలిగి, రక్తపుపోటు పడిపోవచ్చును. అది రోగి ఎరిగి, సమ్మతించి, వైద్యుని చూపులో పుచ్చుకొనవలసిన మందు.

ఇక తల్లియే త్రాగుడునకు లోబడినపుడో? పురుషుని త్రాగుడు ఊరంతకు తెలియును. స్త్రీది వంటయింటి గోడ దాటదు. ఒళ్లు నొప్పులకని మొదలైనది అలవాటగును. స్త్రీ దేహమున నీటిపాలు తక్కువ గనుక, అంతే త్రాగినను ఆమె రక్తములో మద్యము హెచ్చుగా చేరును. “తల్లివై యుండి యిదేమి పని?” అను ఒక్క మాటతో ఆమె వైద్యుని వద్ద నోరు విప్పుట మానును. ఆ మాట అనువారు మేలు చేయుచున్నామని తలతురు కాబోలు!

గర్భిణి త్రాగిన మద్యము మాయ ద్వారా శిశువునకు చేరును. దానివలన శిశువు ముఖమునకు, మెదడునకు కలుగు లోపములకు 1973లో అమెరికా వైద్యులు ప్రత్యేకముగా ఒక పేరు పెట్టిరి. గర్భిణికి ఇంత వరకు క్షేమమను కొలత ఏదియు తేలలేదు. కాని నిత్యము త్రాగు గర్భిణి భయపడి ఇంటిలోనే హఠాత్తుగా మానుట తల్లీబిడ్డల కిరువురకు అపాయము, ఆసుపత్రిలోనే మానవలెను. బాలింత పాలలోనికిని మద్యము వచ్చును. పిండివేసినంత మాత్రమున అది త్వరగా పోదు. రక్తములో తగ్గిన కొలదినే పాలలోను తగ్గును.

మానిన పిదప మరల ఒకనాడు త్రాగుట తరచుగా జరుగునదే. అంతటితో వైద్యము వ్యర్థమైనదనరాదు, మరల వెళ్లవలెను. 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు ఇంటివారును మాటాడవచ్చును. పసిబిడ్డను ఎవరు చూతురను దిగులు తల్లిని ఆసుపత్రికి కదలనీయదు. అత్తయో, ఆడపడుచో ఆ కొద్దిదినములు బిడ్డ నెత్తుకొని వెంట నడచినచో, సగము అడ్డు తొలగును.