వాహనాల నిలుపుదల – రుసుము

పాల్కురికి సోమనాథుని జన్మస్థలంగా ప్రసిద్ధి గాంచిన పాలకుర్తి పూర్వం వరంగల్లు జిల్లాలోనిది. 2016 నుండి జనగామ జిల్లాలో ఉన్నది. ఇచ్చటి కొండపై వెలసిన సోమేశ్వరస్వామిని మహాశివరాత్రి నాడు దర్శించుకొనే భక్తులు ఒకప్పుడు ఎడ్లబండ్లలో వచ్చేవారు. నేడు మోటారు వాహనాలలో వస్తున్నారు. వాటిని ఎక్కడ నిలపాలనే చిక్కు మాత్రం అట్లే ఉన్నది.

బండ్లు నిలుపు స్థలాలను ఏర్పరచి, రుసుము వసూలు చేసే అధికారాన్ని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం గ్రామపంచాయతీలకు ప్రసాదించింది. అట్టి స్థలాన్ని కల్పించిన పిమ్మట, దాని చేరువలో రోడ్డు పక్కన వాహనాలు నిలపడాన్ని పంచాయతీ నిషేధింపవచ్చు. అనగా ముందు చోటు చూపాలి, తరువాతనే కాదనాలి. ఈ క్రమం మిక్కిలి న్యాయమైనది.

నగరాలలో వాణిజ్య సముదాయాలు ఇష్టానుసారం రుసుము గుంజుతున్నాయనే ఫిర్యాదులు మిక్కుటం కాగా, 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఒక ఉత్తర్వు వెలువరించింది. దాని ప్రకారం తొలి 30 నిమిషాలు ఉచితం. గంటలోపు అయితే ఏదేని కొనుగోలు రసీదు చూపిన చాలును. గంట దాటితే ఆ రసీదులోని మొత్తం రుసుమును మించి ఉండాలి. ఊరక చూసిపోదామని వచ్చి, అరగంట దాటి నిలిచినవారికి మాత్రం చెల్లింపు తప్పదు! 2021 జులైలో ఈ నియమం కొంత సడలింది. ఒకే తెర గల సినిమాహాళ్లు రుసుము వసూలు చేసుకొనుటకు ప్రభుత్వం అనుమతించింది.