ఇంట్లో ఎస్ప్రెసో: గ్రైండర్ వేగంగా తిరిగితే సరిపోతుందా?

వేగమే కొలమానమైతే, కాఫీ గింజలను పొడి చేయడంలో వంటింటి మిక్సీని మించినది లేదు. దాని బ్లేడు నిమిషానికి దాదాపు 18 వేల చుట్లు తిరుగుతుంది. గుప్పెడు గింజలు కొద్ది సెకన్లలో పొడి అయిపోతాయి. అయినా ఆ పొడితో ఎస్ప్రెసో తీయబోతే నీరు ఒకచోట దూసుకుపోతుంది, మరొకచోట నిలిచిపోతుంది. కప్పులో పులుపు, చేదు రెండూ కలిసి వస్తాయి. అవే గింజలను నిమిషానికి 330 చుట్లు మాత్రమే తిరిగే మంచి గ్రైండర్‌లో వేస్తే చిక్కని, సమతూకమైన షాట్ దిగుతుంది.

ఇంటికి ఎస్ప్రెసో యంత్రం కొనేవారిలో చాలామంది సొమ్మంతా యంత్రంపైనే వెచ్చించి, మిగిలిన దానితో గ్రైండర్ చూసుకుంటారు. అక్కడా మొదట కంటపడేది సెకనుకు ఎన్ని గ్రాములు అన్న అంకె. ఆ అంకె చెప్పేది కొంతే. రుచిని నిర్ణయించే విషయాలు దాని వెలుపలే ఉన్నాయి.

పొడికి ఎందుకంత పట్టింపు?

ఎస్ప్రెసోలో దాదాపు 93 డిగ్రీల సెల్సియస్ వేడి నీరు 9 బార్ల ఒత్తిడితో, గట్టిగా అదిమిన పొడి గుండా వెళుతుంది. సాధారణంగా 18 గ్రాముల పొడి నుంచి 36 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలన్నది లెక్క. దక్షిణాది ఇళ్లలోని ఫిల్టర్‌లో నీరు తన బరువుతోనే కారుతుంది. పొడి కాస్త సన్ననైతే డికాషన్ ఆలస్యంగా దిగుతుంది, అంతే. ఎస్ప్రెసోలో ఆ వెసులుబాటు లేదు. అంతటి ఒత్తిడిని నిలువరించవలసినది పొడి ఒక్కటే.

రేణువు వ్యాసం సగానికి తగ్గితే, అదే బరువు పొడికి ఉపరితల వైశాల్యం రెట్టింపవుతుంది. కాబట్టి కంటికి కనిపించని తేడా కూడా కప్పులో తెలిసిపోతుంది. ఎస్ప్రెసో పొడిలో ప్రధాన రేణువులు సుమారు 200 నుంచి 400 మైక్రాన్ల మధ్య ఉంటాయి. వాటితోపాటు 100 మైక్రాన్లలోపు నుసి కూడా తప్పక ఉంటుంది. ఆ నుసి పూర్తిగా లేకపోతే నీటికి అడ్డే ఉండదు. మితిమీరితే దారులు మూసుకుపోతాయి. రవ్వలా మిగిలిన పెద్ద రేణువుల లోపలికి నీరు చేరక పులుపు వస్తుంది, నుసి నుంచి అంతా లాగబడి చేదు వస్తుంది. మిక్సీ పొడిలో జరిగేది ఇదే. బ్లేడు గింజను కొడుతుందే గాని, ఫలానా పరిమాణానికి చేరాక వదిలిపెట్టదు.

గ్రైండర్ పద్ధతి వేరు. అది తిరగలి సూత్రమే. పళ్లున్న రెండు లోహపు చక్రాల మధ్య గింజ నలిగి, వాటి నడుమ విడిచిన సందుకు తగినంత చిన్నదైనప్పుడే బయటపడుతుంది. ఈ చక్రాలను బర్లు అంటారు. ఒకదానికెదురుగా ఒకటి ఉండే చదును బర్లు ఒక రకం, గిన్నెలాంటి వలయంలో శంకువు ఇమిడి ఉండేది మరో రకం. చదును బర్ల పొడిలో రుచులు విడివిడిగా తెలుస్తాయని, శంకువు బర్ల పొడితో కాఫీ చిక్కగా ఉంటుందని వాడుకలో ఉన్న మాట. ఇందులో నిజం లేకపోలేదు గాని, పళ్ల తీరు, అమరికల ప్రభావం ఈ విభజనను తరచూ దాటిపోతుంది.

వేగం అంటే ఏ వేగం?

వేగం అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు కొలతలు కలిసిపోతున్నాయి. ఒకటి బర్ తిరిగే వేగం, రెండోది పొడి బయటపడే వేగం. 63 మిల్లీమీటర్ల శంకువు బర్ ఉన్న నిష్ జీరో నిమిషానికి 330 చుట్లు తిరుగుతుంది. 55 మిల్లీమీటర్ల చదును బర్లున్న యురేకా మిన్యోన్ స్పెషలిటా 1350 చుట్లు తిరుగుతుంది. చుట్లలో నాలుగు రెట్ల తేడా ఉన్నా, పొడి నాలుగు రెట్లు త్వరగా రాదు. ఎందుకంటే బర్ పరిమాణం, పళ్ల లోతు, గింజ లోపలికి జారే తీరు కూడా లెక్కలోకి వస్తాయి. బరాట్జా సెట్టే 270లో శంకువు కదలకుండా ఉండి చుట్టూ ఉన్న వలయం తిరుగుతుంది. నలిగిన పొడి నేరుగా కిందికి రాలడంతో అది ఇంటి గ్రైండర్లలో అత్యంత వేగవంతమైన వాటి సరసన నిలిచింది.

పైగా పెట్టెపై అచ్చయిన అంకె ఏ గింజలతో, ఏ సెట్టింగ్‌లో వచ్చిందో సాధారణంగా చెప్పరు. ముదురుగా వేయించిన గింజ పెళుసుగా ఉండి ఇట్టే నలుగుతుంది. అరకు లేదా చిక్కమగళూరు అరబికాను లేతగా వేయిస్తే గింజ గట్టిగా ఉంటుంది, అదే యంత్రం నెమ్మదిస్తుంది. చేతితో తిప్పే గ్రైండర్‌లో ఈ తేడా భుజానికే తెలుస్తుంది. మంచి చేతి గ్రైండర్‌లో 18 గ్రాములకు దాదాపు ముప్పావు నిమిషం నుంచి నిమిషం పడుతుంది. లేత గింజలైతే అంతకు మించుతుంది.

రోజుకు వందల కప్పులు పోసే కేఫ్‌లో సెకన్లకు విలువ ఉంది. వరుసగా నడిచే గ్రైండర్ వేడెక్కుతుంది, పొడి తీరు మారుతుంది. గింజను చల్లబరిస్తే రేణువులు మరింత సన్నగా, ఒకే తీరుగా వస్తాయని 2016లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఉదయం రెండు కప్పులు, సాయంత్రం రెండు కప్పులు తీసే ఇంట్లో ఆ వేడి సమస్య దాదాపు లేనట్లే. అక్కడ 10 సెకన్లకూ 25 సెకన్లకూ మధ్య తేడా, యంత్రం వేడెక్కడానికి పట్టే సమయం ముందు లెక్కలోకి రాదు.

అతివేగం వల్ల ఒక చిక్కు కూడా ఉంది. టైమర్‌తో పొడి కొలిచే గ్రైండర్ సెకనుకు 3.5 గ్రాములు ఇస్తుంటే, పావు సెకను తేడా దాదాపు 0.9 గ్రాము తేడా అవుతుంది. సెకనుకు ఒక గ్రాము ఇచ్చే దానిలో అది పావు గ్రామే. వేగవంతమైన యంత్రం కొన్నవారు చిన్న తూకం కూడా కొనవలసిందే. ఇక గింజలను ఒక్కసారిగా కాక తిరుగుతున్న బర్లపై కొద్దికొద్దిగా వేస్తే నుసి తగ్గుతుందని, అదే సెట్టింగ్‌లో షాట్ త్వరగా దిగుతుందని వాడకందారుల అనుభవం. నెమ్మదించడమే ఇక్కడ నాణ్యతకు దారి.

చూడవలసినవి

మొదటిది సర్దుబాటు. కమాండాంటే సీ40 చేతి గ్రైండర్‌లో ఒక్కో క్లిక్‌కు బర్ల మధ్య సందు సుమారు 30 మైక్రాన్లు మారుతుంది. ఫిల్టర్ కాఫీకి అది చాలు. ఎస్ప్రెసోకు మాత్రం ఒక క్లిక్‌లో షాట్ పరుగెత్తి, పక్క క్లిక్‌లో ఆగిపోవచ్చు. అందుకే ఆ అడుగును సగం చేసే విడిభాగాన్ని అదే సంస్థ విడిగా అమ్ముతోంది. క్లిక్‌లు లేకుండా సాఫీగా జరిగే సర్దుబాటు ఉన్నవి, లేదా 10 మైక్రాన్ల పరిసరాల్లో అడుగు ఉన్నవి ఎస్ప్రెసోకు అనుకూలం.

రెండోది బర్ల అమరిక. రెండు చక్రాలు సమాంతరంగా లేకపోతే ఒకవైపు సందు ఎక్కువై, ఒకే దఫాలో రెండు రకాల పొడి వస్తుంది. ఎంత ఖరీదైన పళ్లున్నా ఈ లోపం ముందు వృథాయే. గ్రైండర్ కడుపులో నిలిచిపోయే పాత పొడి కూడా చిన్న విషయం కాదు. రెండు గ్రాములు మిగిలితే, మర్నాటి తొలి కప్పులో తొమ్మిదో వంతు నిన్నటి పొడే. పొడి గోడలకు అంటుకోవడానికి మూలం స్థిర విద్యుత్తు. గింజలపై కొద్ది చుక్కల నీరు చల్లితే అది తగ్గి, షాట్ మరింత చిక్కగా వస్తుందని అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో మేటర్ పత్రికలో వివరించారు.

సన్నగా పట్టినకొద్దీ మంచిదన్న నమ్మకం కూడా నిలవలేదు. అదే పత్రికలో 2020లో వచ్చిన మరో పరిశోధన ప్రకారం, ఒక హద్దు దాటి సన్నబరిస్తే పొడిలో కొంత భాగం మూసుకుపోయి, కాఫీలోకి వచ్చే సారం తగ్గుతుంది. 20 గ్రాములకు బదులు 15 గ్రాములు, కాస్త ముతకగా వాడితే షాట్లు మరింత నిలకడగా వస్తాయని ఆ బృందం సూచించింది. దుకాణంలో పరీక్షించే అవకాశముంటే, ఒకే సెట్టింగ్‌లో వరుసగా మూడు షాట్లు తీయించి చూడడం అన్ని అంకెలకన్నా మేలు. మూడూ రెండు మూడు సెకన్ల తేడాలో దిగితే ఆ గ్రైండర్ నమ్మదగినది.

చవకైన ఇంటి యంత్రాల్లో చాలావాటికి రెండు పొరల ఒత్తిడి బాస్కెట్ ఉంటుంది. కింది పొరలోని ఒకే సన్నని రంధ్రం ఒత్తిడిని సృష్టిస్తుంది కాబట్టి, పొడి ఎలా ఉన్నా నురగ వస్తుంది. అటువంటి యంత్రం ఉన్నవారు ఖరీదైన గ్రైండర్‌కు సొమ్ము పోస్తే దాని ఫలితం కప్పులో అంతగా కనిపించదు. ముందు ఒకే పొర బాస్కెట్ అమరుతుందేమో చూసుకోవాలి.

అమెరికాలోని బంధువుల చేత గ్రైండర్ తెప్పించుకునే కుటుంబాలకు మరో సంగతి. అక్కడి సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుందే గాని హెర్ట్జ్‌ను మార్చదు. ఇండక్షన్ మోటారు ఉన్న గ్రైండర్ ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ఎక్కువగా వేడెక్కే ప్రమాదమూ ఉంది. డీసీ మోటారు ఉండి, 100 నుంచి 240 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే వాటికి ఈ ఇబ్బంది లేదు. చేతి గ్రైండర్‌కు అసలే లేదు.