చీకటిలో దిగు విమానము

పూర్వము రాత్రివేళ ఎడ్లబండి తోలువాడు బండి క్రింద ఒక లాంతరును వ్రేలాడగట్టెడివాడు. ఆ దీపము బాట చూపుట కొంతయే. బండి వచ్చుచున్నదని ఎదుటివారికి తెలుపుట అధికము. ఆకాశమున ఎగురు చిన్న విమానమునకును ఇట్టి అవసరమే కలదు. అది చీకటిలో నేలను చూడవలెను. తాను ఇతరులకు కనబడవలెను.

విమానములు పుట్టిన క్రొత్తలో వానికి దీపములు లేవు. 1910 ఏప్రిలు నెలలో లండను నుండి మాంచెస్టరునకు విమానపు పందెము జరిగినది. గెలిచినవారికి 10,000 పౌనుల బహుమానము. ఫ్రాన్సు దేశస్థుడగు లూయీ పోలాన్ ముందు సాగిపోయెనని విని, ఆంగ్ల వైమానికుడగు క్లాడ్ గ్రహామ్-వైట్ తెల్లవారకమునుపే చీకటిలో బయలుదేరెను. అతని మిత్రులు మోటారుకార్ల దీపములతో అతనికి త్రోవ చూపిరి. అతడు పందెము గెలువలేదు గాని, రాత్రియందును ఎగురవచ్చునని చూపగలిగెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున రెక్కల కొనలక్రింద మెగ్నీషియపు జ్యోతులను అమర్చి, నేలకు దిగునపుడు వెలిగించెడివారు. ఆనాటి రెక్కలు కొయ్యచట్రముపై గుడ్డ బిగించి చేసినవి. గుడ్డ రెక్క క్రింద మండుచున్న నిప్పు! అది ఎంతటి అపాయమో మీరే ఊహింపుడు.

తరువాత విద్యుద్దీపములు వచ్చినవి. కాని చిన్న విమానములన్నిటికిని అవి లభింపలేదు. అమెరికాలో 1947 వరకు తయారైన పైపర్ కబ్ విమానములలో చాలవానికి బ్యాటరీయే లేదు. మాగ్నెటో అను యంత్రము ఇంజనునకు నిప్పురవ్వ నిచ్చెడిది. చేతితో పంకాను త్రిప్పి ఇంజనును నడిపించెడివారు. అట్టి విమానము ప్రొద్దుగుంకక మునుపే గూడు చేరవలసినదే.

1948 నుండి 1956 వరకు తయారైన సెస్నా 170 విమానము ఇట్టిది కాదు. దాని ఎడమ రెక్క ముందంచున రెండు దీపములు ప్రక్కప్రక్కన అమర్పబడెడివి. ఒకటి ల్యాండింగు దీపము. రెండవది టాక్సీ దీపము. విమానము నేలమీద చక్రములపై మెల్లగా నడచుటను టాక్సీయింగు అందురు. రెండు పనులకు ఒక్క దీపము చాలదా?

చాలదు. సెస్నా 170 వంటి విమానమునకు మూడవ చక్రము తోకక్రింద నుండును. కనుక నేలపై నిలిచినపుడు దాని ముక్కు పైకెత్తుకొనియుండును. ఎగురునపుడు నేలను చూపునట్లు అమర్చిన దీపము, ఇప్పుడు ఆకాశమును చూపును! అందుచే టాక్సీ దీపమును మరికొంత క్రిందికి వంచి అమర్చెదరు. ల్యాండింగు దీపపు వెలుగు సన్నముగా దూరమునకు పోవును; టాక్సీ దీపపు వెలుగు దగ్గరనే వెడల్పుగా పరచుకొనును.

ఈ విమానములలో విరివిగా వాడిన దీపము గాజుతో మూసివేయబడినది. దాని ముఖము నాలుగున్నర అంగుళముల వెడల్పు. అది 13 వోల్టులపై 100 వాట్ల శక్తిని వినియోగించును. దాని ఆయుర్దాయము సుమారు 25 గంటలు మాత్రమే. మిక్కిలి కాంతి నిచ్చుటకై లోని తీగ అత్యంతముగా వేడెక్కవలెను; పైగా ఇంజను అదురు దానిని బాధించుచుండును.

ఒక్కొక్క దీపమునకు దాదాపు 8 ఆంపియర్ల విద్యుత్తు కావలెను. రెండును వెలిగిన 16 ఆంపియర్లు. ఆనాటి చిన్న జనరేటరులకు అది పెనుభారము. అంతేగాక దిగునపుడు ఇంజను మెల్లగా తిరుగును గనుక జనరేటరు నుండి విద్యుత్తు సరిగా రాదు. భారమంతయు బ్యాటరీపై పడును. కావుననే వైమానికులు దీపములను అవసరమైనపుడే వెలిగించి, పని తీరగనే ఆర్పివేసెడివారు.

దిగుచుండగా దీపము ఆరిపోయిన గతి యేమి? గంటకు 60 మైళ్ల వేగమనగా సెకనునకు 88 అడుగులు. ఎదుట 350 అడుగుల నేల మాత్రమే కనబడినచో, దానిని దాటుటకు నాలుగు సెకన్లు చాలును. అందువలన ల్యాండింగు దీపము లేకయే దిగుటను కూడ శిష్యులకు నేర్పెదరు. రన్‌వే అంచులనున్న దీపముల వరుసలను చూచి వారు ఎత్తును గ్రహింపవలెను. దీపము వెలుగుచున్నను, దాని వెలుగు పడినచోటనే చూపు నిలుపక, రన్‌వే అంతటిని చూడవలెను. మంచులో ఆ వెలుగే తిరిగి కన్నులపై పడి, చూపును కప్పివేయును. అట్టివేళ దీపమును ఆర్పుటయే మేలు.

నేడు అనేక పాత విమానములలో ఎల్.ఇ.డి. దీపములు చేరినవి. అవి తక్కువ విద్యుత్తుతో వేలకొలది గంటలు వెలుగును. కావున వానిని పొదుపు చేయనక్కరలేదు. విమానాశ్రయమునకు పది మైళ్ల లోపల పగటివేళ సైతము ల్యాండింగు దీపము వెలిగించుకొనుడని అమెరికా విమానయాన శాఖ వైమానికులను ప్రోత్సహించుచున్నది. పట్టపగలు దీపమెందుకని మీరడుగవచ్చును. ఎదురుగా వచ్చు విమానము దూరమునుండి చుక్కవలె కనబడును; దీపమున్నచో ఆ చుక్క ముందుగా కంటబడును. ఆ ముందు దొరకిన కొద్ది క్షణములే ప్రాణములను కాపాడును.

బండి క్రింద లాంతరు కట్టిన మన పెద్దలు ఎరిగిన సత్యమును ఆకాశయానము చేయువారును నేర్చుకొనిరి. చేతిలోని దీపము మన దారికే గాక, ఎదుటివాని క్షేమమునకును.