మాంసం ఉడికిందా? ఉష్ణమాపకాన్ని అడుగుదాం!

బిలాస్‌పూర్ అనగానే రైలు గుర్తుకొస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచే ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. వేసవిలో ఇక్కడి పట్టాలు బాగా వేడెక్కుతాయి. 13 మీటర్ల ఉక్కు పట్టా ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే దాని పొడవు దాదాపు 4.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎండలో పట్టా వేడి గాలి వేడికన్నా చాలా ఎక్కువ. అందుకే ట్రాక్ సిబ్బంది ఉష్ణమాపకాన్ని పట్టాకే అంటించి కొలుస్తారు.

వంటింట్లోనూ ఇదే సూత్రం. పొయ్యి వేడి వేరు, ముక్క లోపలి వేడి వేరు.

కోడి పులుసులో నీరు ఉన్నంతసేపూ ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. చిన్న ముక్కలకు అన్ని వైపుల నుంచీ వేడి అందుతుంది కనుక లోపలి దాకా ఉడుకుతాయి. నిప్పుల మీద కాల్చే కోడికాలు సంగతి అలా కాదు. పైతోలు నల్లబడినా ఎముక దగ్గర పచ్చిగానే ఉండవచ్చు. మాంసంలో వేడి నెమ్మదిగా ప్రయాణిస్తుంది. ముక్క మందం రెట్టింపైతే నడిమికి వేడి చేరేందుకు పట్టే కాలం సుమారు నాలుగు రెట్లవుతుంది!

పచ్చిగా మిగిలితే ఏం ప్రమాదం? కోడిమాంసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియాలు ఉండవచ్చు. ఇవి వాంతులు, విరేచనాలు, జ్వరం తెప్పిస్తాయి. 60 డిగ్రీల దగ్గర ఇవి చావడానికి నిమిషాలు పడుతుంది. 74 డిగ్రీల దగ్గర క్షణాల్లో చస్తాయి. అందుకే కోడిమాంసం నడిమి వేడి 74 డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తోంది. మేక, గొర్రె కీమాకు 71 డిగ్రీలు కావాలి. కీమా కొట్టేటప్పుడు పైనున్న క్రిములు లోపలికి కలిసిపోతాయి కదా! రంగు చూసి నిర్ణయించడం మాత్రం నమ్మదగింది కాదు. మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ ఒక్కోసారి ముందే గోధుమరంగుకు మారుతుంది, ఒక్కోసారి ఉడికాక కూడా గులాబీగా ఉంటుంది.

ముల్లు తిరిగే మాంసపు ఉష్ణమాపకం కాడలో రెండు లోహాలు అతికిన చుట్ట ఉంటుంది. వేడికి ఒక లోహం రెండోదానికన్నా ఎక్కువ సాగుతుంది. దాంతో చుట్ట మెలితిరిగి ముల్లును కదుపుతుంది. పట్టాకు అయస్కాంతంతో అంటించే డయల్ ఉష్ణమాపకంలోనూ ఇలాంటి ద్విలోహ చుట్టే ఉంటుంది. ఈ చుట్ట కాడలో కొంత పొడవునా ఉంటుంది కనుక దాన్ని లోతుగా గుచ్చాలి. పలుచని ముక్కలకు మొనలోనే థర్మిస్టర్ ఉన్న డిజిటల్ రకం మేలు. ఏదైనా ముక్కలో అన్నిటికన్నా మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి. వాడాక కాడను సబ్బునీటితో కడగాలి.

జ్వరం చూసే గాజు ఉష్ణమాపకాన్ని మాత్రం దీనికి వాడకండి. అది 42 డిగ్రీల వరకే కొలుస్తుంది. పగిలితే లోపలి పాదరసం విషం.

మీ ఉష్ణమాపకం సరైనదేనా? దంచిన మంచుగడ్డలు కలిపిన నీటిలో ఉంచండి, 0 చూపాలి. మరిగే నీటిలో 99 చూపితే తప్పని తోసేయకండి. బిలాస్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 260 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగితే మరుగు స్థానం ఎందుకు తగ్గుతుందో మీ టీచరుగారిని అడిగి తెలుసుకోండి.