ప్రమాద గాయాలకు నష్టపరిహారం: రాజీ కాగితంపై సంతకం పెట్టే ముందు



ఎముకల వార్డులో పనిచేసేవారందరికీ తెలిసిన సంగతితో మొదలుపెడదాం. మిరప కోతల రోజులు. పొద్దుగూకే వేళ రోడ్డు పక్కన నడిచి వస్తున్న కూలీని లారీ గుద్దుతుంది. తొడ ఎముక విరుగుతుంది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు గారు "దెబ్బ ఎలా తగిలింది?" అని అడుగుతారు. రోగి నోరు తెరవకముందే వెంట వచ్చిన పెద్దమనిషి "చెట్టు మీద నుంచి పడ్డాడండీ" అంటాడు. లారీ తరఫువారు అప్పటికే గేటు దగ్గర 20 వేలు ఇస్తామని మాట ఇచ్చి ఉంటారు. కేసు లేకుండా పోతే అందరికీ మంచిదని అందరూ అనుకుంటారు.

డాక్టరు గారు చెప్పిన మాట చెప్పినట్టు కేసు షీటులో రాస్తారు. 20 వేలు మందులకే చాలవు. రెండు నెలలకు కాలు పొట్టిదైందని తెలుస్తుంది. అప్పుడు "నిజానికి లారీ గుద్దిందండీ, కాస్త మార్చి రాయండి" అని వస్తారు. అలా మార్చటం కుదరదు. మారిస్తే అది అబద్ధపు రికార్డు అవుతుంది. కోర్టులో ఇన్సూరెన్సు కంపెనీ లాయరు గారు మొట్టమొదట తెరిచి చూసేది ఆ మొదటి పేజీనే. కనుక ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి: మొదటి రోజు డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పండి. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ బండి, తెలిస్తే దాని నంబరు. పోలీసులకు కబురు పంపే బాధ్యత ఆసుపత్రిది. దానినే మెడికో లీగల్ కేసు అంటారు. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆగదు, ఆ భయం వద్దు.

మన సంఘస్థులలో కొందరికి మరో సందేహం ఉంది. పరిహారం అడగటం క్షమించకపోవటం అవుతుందా అని. నిర్గమకాండము 21వ అధ్యాయం 18, 19 వచనాలు తీసి చూడండి. కొట్టినవాడి మీద అక్కడ రెండు బాకీలు ఉన్నాయి. దెబ్బతిన్నవాడు పోగొట్టుకున్న పనిదినాల సొమ్ము, నయమయ్యేదాకా వైద్యం. డ్రైవరును మనసారా క్షమించవచ్చు. ఆ బాకీ మాత్రం చాలాసార్లు డ్రైవరు జేబులోనుంచి రాదు, బండికి కట్టిన ఇన్సూరెన్సు నుంచి వస్తుంది. ఇన్సూరెన్సు లేకుండా బండిని రోడ్డు మీదకు తేకూడదని చట్టం పెట్టింది ఇందుకే.

ఇక ఎంత వస్తుంది, ఎలా లెక్క కడతారు అన్నది. గాయపడిన కేసులలో ఏమేమి లెక్కలోకి తీసుకోవాలో సుప్రీంకోర్టు 2010 అక్టోబరులో ఒక తీర్పులో వివరంగా చెప్పింది. ఆసుపత్రి ఖర్చు, మందులు, రాకపోకలు, బలమైన ఆహారం ఒక భాగం. మంచం మీద ఉన్న కాలంలో పోయిన కూలి మరొకటి. ముందు ముందు కావలసిన వైద్యం, అనుభవించిన నొప్పి కూడా ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది, శాశ్వతంగా తగ్గిపోయిన సంపాదన. ఇక్కడ కోర్టు చెప్పిన మాట మనవాళ్ళకు బాగా ఉపయోగపడుతుంది. సర్టిఫికెట్టులో రాసిన వైకల్యం శాతం వేరు, దానివల్ల పోయే సంపాదన శాతం వేరు. ఎడమ చెయ్యి పోయిన గుమాస్తా తన ఉద్యోగం చేసుకోగలడు. అదే చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోయినట్టే. అందుకని "ఏం పని చేస్తావు?" అని డాక్టరు అడిగితే "కూలి" అని ఊరుకోకండి. తాటిచెట్లు ఎక్కుతానా, నాట్లు వేస్తానా, బస్తాలు మోస్తానా అన్నది వివరంగా చెప్పండి.

ఒక ఊహా లెక్క వేద్దాం. వయసు 30, తాపీమేస్త్రీ, నెలకు 12 వేల సంపాదన. సొంత పని చేసుకునేవారు 40 ఏళ్ళ లోపు వారైతే, రాబోయే పెరుగుదల కింద 40 శాతం కలపాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. నెలకు 16,800, ఏడాదికి 2,01,600 అయింది. కాలు వంగక పరంజా ఎక్కలేడు, సంపాదన 30 శాతం తగ్గిందని ట్రిబ్యునల్ ఒప్పుకుందనుకోండి. ఏడాదికి నష్టం 60,480. 26 నుంచి 30 ఏళ్ళ వారికి దానిని 17తో గుణిస్తారు (వయసు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది, 56 నుంచి 60 వారికి 9). మొత్తం 10,28,160 రూపాయలు. మిగతా ఖర్చులు దీనికి అదనం. గాయపడినవాని తప్పు కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు తగ్గిస్తారు. అయినా గేటు దగ్గర మాట్లాడిన 20 వేలతో పోల్చి చూసుకోండి.

అయితే ఈ అంకెలన్నీ కాగితాల మీద నిలబడేవి. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల సర్టిఫికెట్టు, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల షాపు బిల్లులు, ఆటోకు ఇచ్చిన డబ్బుల లెక్క, అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి వానకు తడవనిచోట ఉంచండి. మధ్యలో చెప్పకుండా వెళ్ళిపోయి పసరు కట్టు కట్టించుకుంటే ఎముకకు వచ్చే నష్టం ఎటూ ఉంది, ఆపైన ఆ నెలలకు రికార్డే లేకుండా పోతుంది.

మన ప్రాంతపు చిక్కు ఒకటి ఉంది. ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లలో 20, 30 మంది కూలీలు ఎక్కి వెళ్తుంటారు. అవి సరుకుల బండ్లు. ఆ బండి తానే బోల్తా పడితే, ఊరికే ఎక్కి కూర్చున్న ప్రయాణికులకు చెల్లించే బాధ్యత ఇన్సూరెన్సు కంపెనీకి లేదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. అప్పుడు ఓనరే కట్టాలి, ఆయన దగ్గర ఏముంటుంది? తన సరుకుతో వెళ్ళే మనిషి, ఎగుమతి దిగుమతి చేసే బండి కూలీల సంగతి వేరు. ఎదుటి లారీ తప్పు ఉంటే దాని ఇన్సూరెన్సు మీద అడగవచ్చు. ఎవరు ఏ పని మీద బండిలో ఉన్నారన్నది పోలీసులకు సరిగ్గా చెప్పటం అందుకే ముఖ్యం.

గుద్దిన బండి దొరకకపోయినా దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 తరువాతి ప్రమాదాలలో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ నిధి నుంచి ఇస్తారు. దరఖాస్తు ఆర్.డి.ఓ. కార్యాలయంలో ఇవ్వాలి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 7 రోజులలో లక్షన్నర రూపాయల వరకు నగదు లేని చికిత్స పథకం కూడా అమలులో ఉంది. పథకం కింద ఉన్న ఆసుపత్రులలో చేర్చినప్పుడే దాని గురించి అడగండి.

భద్రాచలం దాటితే కొద్ది దూరంలోనే ఎటపాక, అది 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 30వ నంబరు జాతీయ రహదారి మీద చింతూరు దాటి పోతే ఛత్తీస్‌గఢ్. ప్రమాదం అవతల జరిగితే ఎఫ్.ఐ.ఆర్. అవతలి స్టేషనులో అవుతుంది. పరిహారం దరఖాస్తు మాత్రం మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలని చట్టం. గడువు దాటిందని మీ అంతట మీరే మానుకోకండి, ముందు న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. షెడ్యూల్డు తెగలు, షెడ్యూల్డు కులాల వారికి, స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు. ఫోను నంబరు 15100. సగం మీకు సగం నాకు అనే మధ్యవర్తులకు ఖాళీ కాగితాల మీద వేలిముద్ర వేయకండి.

రాజీ చెడ్డదని నేను అనను. కేసు ఏళ్ళ తరబడి సాగితే ఇల్లు గడవదు. లోక్ అదాలత్‌లో రాజీపడితే ఖర్చు తక్కువ, డబ్బు త్వరగా వస్తుంది. కాని అక్కడి అవార్డే ఆఖరు, దానిమీద అప్పీలు లేదు. కాబట్టి ఒప్పుకునే ముందు ఒకసారి మీ సర్జను గారిని కలవండి. లోపల వేసిన రాడ్డు తీయాలా, మరో ఆపరేషను కావాలా, దానికి ఎంత అవుతుంది, ఎముక అతికిందా లేదా. ఇవి తేలక ముందు చేసే రాజీ చీకట్లో చేసే బేరం. వైకల్యం ఎంతో కూడా చికిత్స ముగిశాకే తెలుస్తుంది. కంపెనీవారు ఇస్తామనే అంకె పక్కన పైన వేసిన లెక్కలాంటిది మీ లాయరు చేత వేయించి చూసుకోండి.

రికార్డుల నకళ్ళు కావలసినవారు ఇన్‌పేషెంటు నంబరుతో రికార్డు గదిలో అర్జీ ఇవ్వండి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం 72 గంటలలో ఇవ్వాలి. ఇన్‌పేషెంటు రికార్డులు దాచవలసిన కాలం చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్ళు, కనుక ఆలస్యం చేయకుండా రండి.