చికెన్ డిన్నర్ సరే.. అన్నం తిన్నారా?

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి ఆటల్లో ఎలా గెలవాలో చెప్పే వీడియోలకు కొదవ లేదు. ఎక్కడ దిగకూడదు, ఎప్పుడు కాల్చకూడదు, ఏ తుపాకీ పట్టుకోవాలి.. అన్నీ ఉంటాయి. ఆడేవారి ఒళ్లు ఎక్కడ దెబ్బతింటుందో చెప్పేవే తక్కువ. మా ఓపీలో తరచూ కనిపించే పొరపాట్లు కొన్ని ఇక్కడ చెబుతున్నాను. ఆడేవారూ, వారి అమ్మానాన్నలూ కూడా చదవాలని నా కోరిక.

పందొమ్మిదేళ్ల కుర్రాడు, పాలిటెక్నిక్ విద్యార్థి. ఒక తెల్లవారుజామున వాళ్ల నాన్న సొంత ఆటోలోనే ఆసుపత్రికి తీసుకొచ్చారు. "రెండ్రోజుల నుంచి వాంతులు సార్. కడుపులో నొప్పంటున్నాడు. గ్యాస్ అనుకున్నాం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ కూడా పెట్టించాం" అంది తల్లి. కుర్రాడు పరుగు పందెం నుంచి వచ్చినట్టు రొప్పుతున్నాడు. నోటి నుంచి బాగా మాగిన పండు వాసన. గ్లూకోమీటర్ అంకె చూపకుండా 'హై' అని ఊరుకుంది. మూత్రంలో కీటోన్లు. పన్నెండో ఏట నుంచే టైప్-1 మధుమేహం ఉందని, రోజూ రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటాడని అప్పుడు చెప్పారు. వేసుకోక మూడు రోజులైందన్న సంగతి వాళ్లకూ తెలియదు. రాత్రంతా ఆన్‌లైన్ టోర్నమెంటు, పగలంతా నిద్ర.

టైప్-1 వారికి ఇన్సులిన్ ఆగితే శరీరం చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగిస్తుంది. ఆ క్రమంలో కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. దీన్నే డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటాం. చికిత్స ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. అదృష్టం బాగుండి రెండు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డాడు. అతణ్ని ఇంటికి పంపిన రోజున నేనూ ఒక తప్పు చేశాను. అది తర్వాత చెబుతాను.

ముందు ఆట తెలియాలి

చూడకుండా తిట్టడం మన పెద్దల అలవాటు. నేనూ అంతే. 2021లో బీజీఎంఐ వచ్చిన కొత్తలో మా అక్క కొడుకు పక్కన కూర్చుని ఒకసారి ఆడాను. వంద మంది విమానంలోంచి పారాచూట్లతో ఒక దీవి మీదికి దూకుతారు. చేతిలో ఏమీ ఉండదు. ఇళ్లు వెతికి తుపాకీ, హెల్మెట్, మందులు ఏరుకోవాలి. ఈలోగా ఒక నీలం గీత చుట్టూ బిగుసుకుంటూ వస్తుంది. దాని లోపల లేనివారు క్రమంగా చస్తారు. చివరిదాకా మిగిలిన జట్టుదే 'చికెన్ డిన్నర్'. నేను పోచింకి అనే ఊళ్లో దిగి, తుపాకీ కనిపించేలోపే పోయాను.

"అందరూ దిగే చోట దిగుతారా మావయ్యా?" అని మేనల్లుడు నవ్వి, కొత్తవారు చేసే తప్పులన్నీ ఏకరువు పెట్టాడు. చచ్చినవాడి పెట్టె దగ్గర నిలబడి తీరిగ్గా సామాను ఏరుకోవడం. గీత మీదికి వచ్చేదాకా కదలకపోవడం. దూరంగా కనిపించిన ప్రతివాడి మీదా కాల్చి, మనం ఎక్కడున్నామో ఊరంతా చాటుకోవడం. పడిపోయిన స్నేహితుణ్ని లేపడానికి చుట్టూ చూడకుండా పరిగెత్తడం. ఈ చివరిది విని నాకు ముచ్చటేసింది. రోడ్డు ప్రమాదం దగ్గర ప్రథమ చికిత్స చేసేవారికి మేం చెప్పే మొదటి పాఠం అదే. ముందు చుట్టూ చూసుకో, తర్వాతే పడినవాడి దగ్గరకు వెళ్లు.

ఆ రోజు నాకు తెలిసిన అసలు విషయం ఇంకొకటి. ఈ ఆటను మధ్యలో ఆపలేం. టీవీ సీరియల్‌లాగా ఆపి మళ్లీ చూసేది కాదు. పెద్ద మ్యాప్‌లో ఒక మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. నలుగురి జట్టులో ఒకడు లేచి వెళ్లిపోతే మిగతా ముగ్గురూ ఓడిపోతారు. అమ్మ "అన్నం తినడానికి రారా" అని పిలిచినప్పుడు వాడు కదలకపోవడానికి సగం కారణం పొగరు కాదు, ఇదే.

'ఇదొక్క మ్యాచ్'

రాత్రి పదకొండున్నరకు "ఇదొక్క మ్యాచ్" అంటే పన్నెండు. ఓడితే పగ తీర్చుకోవడానికి ఇంకొకటి, గెలిస్తే ఊపులో ఇంకొకటి. ఆట అయ్యాక వెంటనే పడుకున్నా నిద్ర రాదు. చివరి పది మందిలో మిగిలినప్పుడు గుండె దడదడలాడటం, అరచేతులు చెమర్చడం ఆడినవారందరికీ తెలుసు. శరీరానికి అది నిజమైన ప్రమాదమే. విడుదలైన అడ్రినలిన్ తగ్గి ఒళ్లు చల్లబడటానికి సమయం కావాలి. కాబట్టి చివరి మ్యాచ్ పడుకునే వేళకు కనీసం గంట ముందే అయిపోవాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఇది తగ్గితే మర్నాడు క్లాసులో కునుకే కాదు, ఆటలో గురీ తప్పుతుంది. ర్యాంకు పడిపోతోందని మరింత ఆడేవారిని చూశాను. వాళ్లకు కావాల్సింది సాధన కాదు, నిద్ర.

మూర్ఛ వ్యాధి ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా, నిద్ర లేని రాత్రి తర్వాత ఫిట్స్ రావొచ్చు.

ఎర్ర సీసా, తెల్ల మాత్ర

ఆటలో ఎనర్జీ డ్రింక్ తాగితే ఆరోగ్యం గీత మెల్లగా పెరుగుతుంది. పెయిన్‌కిల్లర్ వేసుకుంటే ఇంకా ఎక్కువ. తూటాలు తిన్నవాడు ఫస్ట్ ఎయిడ్ కిట్‌తో ఆరు సెకన్లలో లేచి పరిగెత్తుతాడు. మా క్యాజువాల్టీకి అలాంటి కిట్లు వస్తే బాగుండు.

ఇబ్బంది ఎక్కడంటే, బయట కూడా ఇవి రెండూ వీధి చివర్లోనే దొరుకుతాయి. కిళ్లీ కొట్లో ఎర్ర సీసా, మందుల షాపులో డైక్లోఫెనాక్. మన దేశ నిబంధనల ప్రకారం ఈ కెఫీన్ పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండొచ్చు. అంటే పావు లీటరు సీసాలో 75 మిల్లీగ్రాముల దాకా. పిల్లలకు తగదని లేబుల్ మీదే రాసి ఉంటుంది, చీమల్లాంటి అక్షరాల్లో. రాత్రి పది తర్వాత రెండు సీసాలు తాగి, తెల్లవారి "గుండె దడ సార్, ఈసీజీ తీయండి" అని వచ్చే కుర్రాళ్లు ఉన్నారు. చాలామందికి ఈసీజీ మామూలుగానే ఉంటుంది. కెఫీన్ ప్రభావం మాత్రం గంటల తరబడి ఉంటుంది. చక్కెర సంగతి సరేసరి.

ఇక నొప్పి మాత్రలు. మూడు, నాలుగు వేళ్లతో తెర మీద వేగంగా నొక్కేవారికి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి మొదలవుతుంది. మీరే పరీక్షించుకోవచ్చు. బొటనవేలిని అరచేతిలో పెట్టి పిడికిలి మూయండి. మణికట్టును చిటికెన వేలి వైపు నెమ్మదిగా వంచండి. బొటనవేలి వైపు చురుక్కుమని నొప్పి వస్తే అక్కడి స్నాయువుల తొడుగు వాచి ఉండొచ్చు. డి క్వెర్వెయిన్ అంటాం. మాత్ర వేసుకుని ఆట కొనసాగించడం దీనికి చేసే అన్యాయం. నొప్పి తెలియదు, వాపు పెరుగుతుంది. పైగా ఖాళీ కడుపుతో, నీళ్లు తాగకుండా రోజూ ఈ మాత్రలు మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. రెండు, మూడు వారాలు ఆట మానేసి, వేలికి విశ్రాంతినిచ్చే పట్టీ వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఎముకల డాక్టరును కలవాలి.

అడుగుల చప్పుడు

ఈ ఆటలో చెవులే సగం కళ్లు. శత్రువు అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో విని గుర్తుపట్టాలి. అందుకే వాల్యూమ్ చివరిదాకా పెంచుతారు. అడుగులు వినిపించేంత పెంచాక, అదే వాల్యూమ్‌లో తుపాకులూ పేలతాయి, బాంబులూ పడతాయి. 80 డెసిబుల్స్ శబ్దాన్ని పెద్దవారు వారానికి 40 గంటల దాకా వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబుల్స్ అయితే వారానికి 4 గంటలే. ఆట అయ్యాక చెవిలో గుయ్‌మని మోగుతుంటే హద్దు దాటారని అర్థం. లోపలి చెవిలోని వెంట్రుక కణాలు ఒకసారి చనిపోతే తిరిగి రావు. బయటి శబ్దాన్ని అడ్డుకునే, చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు వాడితే తక్కువ వాల్యూమ్‌లోనే అడుగులు వినిపిస్తాయి.

కళ్ల విషయం చాలాసార్లు చదివే ఉంటారు. తెర చూస్తున్నప్పుడు రెప్ప వేయడం సగానికి పైగా తగ్గి కళ్లు ఎండిపోతాయి. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య లాబీలో ఉన్నప్పుడు ఫోను పక్కన పెట్టి కిటికీలోంచి దూరంగా చూడండి. అప్పుడే లేచి నాలుగు అడుగులు వేయండి, నీళ్లు తాగండి, మూత్రానికి వెళ్లండి. గంటల కొద్దీ కదలకుండా కూర్చున్నవారికి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అరుదే. అయినా ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

వ్యసనం ఎప్పుడంటారు?

ఆడే ప్రతి పిల్లాడూ వ్యసనపరుడు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వ్యాధుల జాబితా ఐసీడీ-11లో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. అందులో చూసేవి మూడు. ఆట మీద అదుపు తప్పడం. చదువు, తిండి, స్నేహాల కంటే ఆటే ముఖ్యమైపోవడం. నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా ఆపలేకపోవడం. సాధారణంగా ఇది ఏడాది పాటు కొనసాగితేనే, అదీ జీవితం గణనీయంగా దెబ్బతింటేనే ఆ పేరు పెడతారు. ఆడేవారిలో కొద్దిమందికే ఇది వర్తిస్తుంది. సెలవుల్లో రెండు వారాలు విపరీతంగా ఆడిన కొడుకును పట్టుకుని "వీడికి పిచ్చి పట్టింది సార్" అనొద్దు.

డబ్బు పెట్టి తెరిచే పెట్టెల గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. లోపల ఏముందో తెలియని పెట్టెకు డబ్బు కట్టించడం లాటరీ మనస్తత్వమే. వందసార్లు రానిది ఈసారి వస్తుందేమోనన్న ఆశే లాగుతుంది. నాన్న ఫోన్‌లో యూపీఐ పిన్ పిల్లలకు తెలిసి ఉంటే అది ఈరోజే మార్చండి. తక్కువ ధరకు యూసీలు ఇస్తామంటూ ఐడీ, ఓటీపీ అడిగేవారికి ఇవ్వొద్దని పిల్లలకు చెప్పండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. తిడతారన్న భయంతో దాచిపెట్టే పిల్లలే ఎక్కువ నష్టపోతారు.

నేను చేసిన తప్పు

ఆ పాలిటెక్నిక్ కుర్రాణ్ని ఇంటికి పంపే రోజున, అతని ఎదుటే వాళ్ల నాన్నతో అన్నాను: "ముందు ఆ ఫోన్ లాగేయండి. అప్పుడే బాగుపడతాడు." ఆయన డాక్టరు మాట జవదాటలేదు. ఇంటికి వెళ్లగానే ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశారు. రాత్రంతా గొడవ. పొద్దున చూస్తే కుర్రాడు లేడు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉంది. మర్నాటి సాయంత్రం పక్క ఊరి బస్టాండులో దొరికాడు. మళ్లీ మా వార్డుకే వచ్చాడు. ఆలస్యం కాలేదు కాబట్టి సరిపోయింది.

ఈసారి ఓపీ అయ్యాక అతని మంచం పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఒక మాట అన్నాడు. "అక్కడ నాకు షుగరని ఎవరికీ తెలీదు సార్." కాలేజీలో ఒకసారి సిరంజి చూసి ఎవరో ఎగతాళి చేశారట. అప్పటి నుంచి అందరికీ దూరంగా ఉంటున్నాడు. ఆ దీవి మీద మాత్రం అతను రోగి కాదు, జట్టుకు నాయకుడు. దాన్ని నేను ఒక్క వాక్యంతో లాగేయమన్నాను.

2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు పిల్లలు ఆట మానలేదు, ఆట పేరు మార్చుకున్నారు. ఇంట్లో నిషేధానికీ అదే గతి. గంటల లెక్కన కాకుండా మ్యాచ్‌ల లెక్కన ఒప్పందం పెట్టుకుంటే గొడవ తగ్గుతుంది. 'ఎనిమిదింటికి ఆపాలి' అంటే మధ్యలో లేవాల్సి వస్తుంది. 'రెండు మ్యాచ్‌లు' అంటే వాడికీ గౌరవం. భోజనం అయ్యాకే మొదటి మ్యాచ్. పడుకునే గదిలో ఫోన్ ఛార్జింగ్ పెట్టొద్దు, పెద్దవాళ్లది కూడా. ఫోన్ ఇవ్వకపోతే చస్తానని పిల్లలు అంటే బెదిరింపని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా కుర్రాడితో కుదిరిన ఒప్పందం చిన్నదే. ఇన్సులిన్, తర్వాత అన్నం, తర్వాతే ఆట. ఈ వరస మారకూడదు. ఇన్సులిన్ వేసుకుని తినకుండా కూర్చుంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది, అదీ ప్రాణాంతకమే. ఇక జబ్బు సంగతి జట్టువారికి చెప్పాలన్నది నా సలహా మాత్రమే. దానికి అతనికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా నుంచి ఆడే ఒక కుర్రాడు లాబీలోకి రాగానే "సూది ఏసుకున్నవారా?" అని అడుగుతాడట. వీళ్లిద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

పోయిన నెల పరీక్షకు వచ్చాడు. మూడు నెలల సగటు, హెచ్‌బీఏ1సీ 13 ఉన్నది 9కి దిగింది. ఇంకా దిగాలి. షుగర్ రాసుకునే పుస్తకంలో ఒక తేదీ కింద 280 అని ఉంది. నేను అడగకముందే వేలు పెట్టి చూపించాడు. "ఆ రోజు మూడు మ్యాచ్‌లు ఎక్కువ ఆడాను సార్."