ఏడిపించినవాళ్లే చెప్పిన కథ

బడిలో వెక్కిరింపులు పడే బిడియపు పిల్లల గురించి బొమ్మల పుస్తకాలు చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ పిల్లల వైపు నుంచే నడుస్తాయి. టారో యషీమా రాసి బొమ్మలు కూడా తానే వేసిన ‘క్రో బాయ్’ అలా కాదు. 1955లో అమెరికాలో వైకింగ్ ప్రెస్ ప్రచురించిన ఈ చిన్న పుస్తకంలో కథ చెప్పేది ‘మేము’. చిబీ అనే కుర్రాణ్ణి ఏళ్ల తరబడి పక్కన పెట్టేసిన తరగతి మొత్తం ఆ ‘మేము’లో ఉంది. డెబ్బై ఏళ్లయినా ఈ పుస్తకం పాతబడకపోవడానికి నాకు కనిపించే కారణం ఇదే.

కథ జపాన్‌లోని ఒక పల్లెటూరి బడిలో మొదలవుతుంది. మొదటి రోజే ఒక పిల్లాడు కనిపించడు. వెతగ్గా వెతగ్గా బడి అడుగున చీకట్లో నక్కి దొరుకుతాడు. అతనెవరో ఎవరికీ తెలీదు. చిన్నగా ఉన్నాడని చిబీ అంటారు, మనం బుడ్డోడు అన్నట్టు. చిబీకి మాస్టారంటే భయం, అందుకే చదువు ఎక్కదు. పిల్లలంటే భయం, అందుకే స్నేహం కుదరదు. వరసలో ఎప్పుడూ చివర, తరగతిలో ఎప్పుడూ వెనక.

ఇందులో కొట్టడం, తోసెయ్యడం లాంటివేవీ లేవన్నది గమనించాలి. ఏడిపించడం అనగానే మనకు దెబ్బలూ చిరిగిన చొక్కాలూ గుర్తొస్తాయి. యషీమా చూపించింది అంతకన్నా మామూలుగా జరిగేది: పిలిస్తే మొద్దు అని పిలవడం, లేకపోతే అసలు పిలవకపోవడం. చిబీని పెద్ద తరగతులవాళ్లే కాదు, తనకంటే చిన్నవాళ్లు కూడా అలాగే అంటారు. ఒక్కో మాట చిన్నదే కాబట్టి ఎవరికీ తప్పు చేస్తున్నామని అనిపించదు. అదే మాట ఐదేళ్లపాటు వినేవాడికి ఎలా ఉంటుందన్నదే అసలు విషయం.

చిబీ ఏం చేస్తాడు? ఎదురు తిరగడు, ఫిర్యాదు చెయ్యడు. చూడబుద్ధి కానివి కనిపించకుండా మెల్లకళ్లు పెట్టడం నేర్చుకుంటాడు. గంటలకొద్దీ పైకప్పును చూస్తాడు, బల్ల చెక్కను చూస్తాడు, ముందు కూర్చున్నవాడి భుజం మీది అతుకును చూస్తాడు. ఆటస్థలంలో కళ్లు మూసుకుని దూరం నుంచీ దగ్గర నుంచీ వచ్చే చప్పుళ్లు వింటాడు. మిగతావాళ్లు ముట్టుకోని పురుగుల్ని చేతిలోకి తీసుకుని పరీక్షగా చూస్తాడు. తరగతి దీన్నంతా మొద్దుతనం అనుకుంటుంది. చదువుతున్న మనకు మాత్రం, ఆ బడిలో అందరికన్నా ఎక్కువ చూస్తున్నదీ వింటున్నదీ ఆ పిల్లాడేనని మెల్లగా తెలుస్తూ ఉంటుంది. బొమ్మలూ ఆ పనే చేస్తాయి. రంగు పెన్సిల్ గీతల లాంటి ఆ బొమ్మల్లో చిబీ చుట్టూ వదిలిన ఖాళీ జాగా, మాటలు చెప్పని ఒంటరితనాన్ని చెబుతుంది.

ముల్లంగి ఆకులో చుట్టిన అన్నం ముద్ద పట్టుకుని అతను రోజూ బడికి వస్తూనే ఉంటాడు. వాన వస్తే ఎండుగడ్డితో అల్లిన తొడుగు కప్పుకుని వస్తాడు.

ఆరో ఏట ఇసోబె అనే కొత్త మాస్టారు వస్తారు. ఈ పాత్ర ప్రతి ఉపాధ్యాయుడూ చదవదగ్గది. ఆయన తరగతికి నీతులు చెప్పరు, వెక్కిరించినవాళ్లను నిలబెట్టి తిట్టరు. పిల్లల్ని బడి వెనక కొండ మీదికి తీసుకెళ్తారు. అడవి ద్రాక్ష ఎక్కడ కాస్తుందో, అడవి దుంపలు ఎక్కడ దొరుకుతాయో చిబీకి తెలుసని అక్కడ బయటపడుతుంది. చిబీ వేసిన నలుపు తెలుపు బొమ్మల్ని, అతను తప్ప ఇంకెవరూ చదవలేని రాతను గోడకు అంటిస్తారు. ఎవరూ లేనప్పుడు అతనితో కూర్చుని మాట్లాడతారు. ‘రైలుబడి’ పుస్తకం చదివిన తెలుగువాళ్లకు అందులోని కొబయాషి మాస్టారు గుర్తొస్తారు; ఆయనకూ పిల్లల మాట వినడమే మొదటి పని.

ఆ ఏడాది బడి ప్రదర్శనలో చిబీ వేదిక ఎక్కుతాడు. ఈ మొద్దు అక్కడేం చేస్తాడని అందరూ ఆశ్చర్యపోతారు. అతను కాకుల గొంతులు వినిపిస్తాడు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల గొంతు, తల్లి గొంతు, తండ్రి గొంతు. తెల్లవారుజామున కాకులు ఎలా అరుస్తాయో, ఊళ్లో కీడు జరిగితే ఎలా అరుస్తాయో, సంతోషంగా ఉంటే ఎలా అరుస్తాయో. (గోడ మీద కాకి అరిస్తే చుట్టాలొస్తారనుకునే మనకు ఈ తేడాలు వింతగా అనిపించవు.) తర్వాత మాస్టారు అసలు సంగతి చెబుతారు: తెల్లవారుతూనే బయల్దేరి పొద్దుగూకే వేళకు ఇల్లు చేరుతూ, ఆరేళ్లు కొండదారిన నడుస్తూ చిబీ నేర్చుకున్న అరుపులివి. అప్పుడు తరగతి ఏడుస్తుంది.

ఈ చోట ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ఏ విద్యా లేని పిల్లాడి సంగతేంటి? ప్రతిభ చూపిస్తే తప్ప ప్రేమించరా? నేనూ దీని గురించి చాలా ఆలోచించాను. పిల్లలు ఏడ్చింది కాకి గొంతులు బాగున్నందుకు కాదు, ఆ దారి ఎంత దూరమో తెలిసినందుకు అని నాకు అనిపిస్తుంది. బడి ముగిసే రోజున ఆరేళ్లలో ఒక్కరోజు కూడా మానని పిల్లాడిగా గుర్తింపు దక్కేది చిబీ ఒక్కడికే. వాళ్ల కళ్లెదుటే ఉండి, వాళ్లు ఒక్కసారీ అడగని విషయం అది. ‘మేము’ అనే గొంతు అక్కడే సిగ్గుపడుతుంది.

ఫిన్లండ్ పరిశోధకురాలు క్రిస్టినా సాల్మివల్లి, ఆమె సహచరులు 1996లో, ఏడిపించడంలో తరగతి మొత్తానికీ భాగముంటుందన్న ఈ సంగతినే శాస్త్రీయంగా వివరించారు. ఏడిపించడం ఇద్దరి మధ్య గొడవ కాదన్నారు. చెయ్యి కలిపేవాళ్లు, నవ్వి ఎగదోసేవాళ్లు, పట్టనట్టు ఉండేవాళ్లు, అడ్డం వెళ్లేవాళ్లు అంటూ తరగతిలో పాత్రలు పంచి చూపారు. తర్వాత ఆ దేశపు బడుల్లో నడిచిన ‘కివా’ కార్యక్రమం ఈ ఆలోచన మీదే నిలబడింది. చూసేవాళ్ల తీరు మారితే ఏడిపించేవాడికి బలం తగ్గుతుంది.

ఇక ఈ కథ రాసిన యషీమా 1908లో జపాన్‌లోని కగొషిమా ప్రాంతంలో పుట్టారు. సైనిక పాలనను వ్యతిరేకించి భార్యతో సహా జైలుకెళ్లారు. 1939లో చిన్న వయసులో ఉన్న కొడుకును జపాన్‌లోనే వదిలి ఇద్దరూ అమెరికా చేరారు. యుద్ధకాలంలో అమెరికా తరఫున తాను చేసే పని వల్ల ఆ పిల్లాడికి హాని జరగకూడదనే అసలు పేరు దాచి టారో యషీమా అయ్యారు. ఆ కొడుకే తర్వాత సినిమా నటుడిగా పేరు తెచ్చుకున్న మాకో. ఈ పుస్తకానికి 1956లో కాల్డెకాట్ గౌరవ పురస్కారం దక్కింది.

మన ఇళ్లలో ఈ కథకు ఒక తప్పుడు అర్థం తీసే ప్రమాదముంది. బిడియస్తుడైన పిల్లాణ్ణి వేదిక ఎక్కిస్తే సరిపోతుందనుకుంటాం. చుట్టాలొచ్చినప్పుడు పాట పాడమని ముందుకు నెడతాం, పాడకపోతే ‘వీడికి సిగ్గెక్కువండీ’ అని వాడి ముందే అంటాం. చిబీ వేదిక ఎక్కింది ఎన్నో ఏకాంతపు కబుర్ల తర్వాత, తనకు బాగా తెలిసిన విద్యతో. వెక్కిరించే పేర్లూ చాలాసార్లు పెద్దల నోటినుంచే మొదలవుతాయి. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ బడిలో కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. తరగతిలో టీచరే ఒక పిల్లను ‘మూగిది’ అంటే మిగతావాళ్లకు అనుమతి దొరికినట్టే.

పుస్తకం పిల్లలతో చదివేటప్పుడు చిబీ బల్లనూ పైకప్పునూ చూసే పేజీల దగ్గర తొందరపడకండి. కథ అవ్వగానే ‘ఏం నేర్చుకున్నావు’ అని అడగకండి. ‘మీ క్లాసులో ఎవరు ఒక్కరే కూర్చుంటారు’ అని అడగండి. పిల్ల ఒక పేరు చెబితే, ఆ అబ్బాయి ఏ ఊరినుంచి వస్తాడో, బస్సు దిగి ఎంత దూరం నడుస్తాడో రేపు కనుక్కుని రమ్మనండి. ఆ పేరు మీ పిల్లదే అయితే, ఆ వారంలోనే వెళ్లి టీచర్‌తో మాట్లాడండి.